ముఖానికి కాస్మెటిక్ సర్జరీ: ఏది మారుతుంది, ఏది మారదు

రిష్తా చూసి వెళ్లినవాళ్ల నుంచి వచ్చే జవాబు ఒక్కోసారి అమ్మాయి ముక్కు దగ్గరో, కళ్ల దగ్గరో ఆగిపోతుంది. ఆ ఒక్క మాట ఇంట్లో నెలల తరబడి నలుగుతుంది. ఇంతలో ఫోన్‌లో ఏదో క్లినిక్ ప్రకటన కనిపిస్తుంది. ముందు ఫొటో, తర్వాత ఫొటో, పక్కనే ఆఫర్ ధర. ఆపరేషన్‌లో ఏం చేస్తారు, ఫలితం ఎంతవరకు వస్తుంది, ఏం తేడా కొట్టొచ్చు అనేది మాత్రం అందులో ఉండదు. అడ్వాన్స్ కట్టే ముందు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవి.

ముందుగా ఒక తేడా

ముఖానికి చేసే ఆపరేషన్లు రెండు రకాలు. పుట్టుకతో వచ్చిన లోపం, ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ వల్ల పోయిన రూపాన్ని, పనితీరును తిరిగి తెచ్చేది ఒకటి. దీన్ని రీకన్‌స్ట్రక్టివ్ సర్జరీ అంటారు. ఆరోగ్యంగా ఉన్న ముఖాన్ని ఇంకా అందంగా చేసుకోవడానికి చేయించుకునేది కాస్మెటిక్ సర్జరీ. బీమా, పన్ను, షరీఅత్ మూడూ ఈ తేడానే చూస్తాయి.

ముక్కు

ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్ రైనోప్లాస్టీ. ముక్కు రంధ్రాల లోపలి నుంచి గానీ, రెండు రంధ్రాల మధ్య చిన్న కోత పెట్టి గానీ ఎముకను, మెత్తటి ఎముకను సరిచేస్తారు. దూలం మీది ఎత్తు తగ్గించొచ్చు, వంకర చాలావరకు సరిచేయొచ్చు, కొన ఆకారం మార్చొచ్చు. కానీ చర్మం మందంగా ఉన్నవాళ్లలో కొన సన్నగా, చెక్కినట్టు రావడం కష్టం. సినిమా హీరోయిన్ ఫొటో చూపించి అదే ముక్కు కావాలంటే కుదరదు.

ముఖం ఎదుగుదల పూర్తయ్యాకే, అంటే సాధారణంగా టీనేజ్ చివర్లో దీన్ని చేస్తారు. పైన పెట్టిన కట్టు వారం రోజులకు అటూ ఇటూగా తీస్తారు. వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి ఏడాది పట్టొచ్చు. నిఖాకు రెండు నెలల ముందు చేయించుకుందాం అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. కొందరికి రెండోసారి ఆపరేషన్ అవసరం పడుతుంది. ఊపిరి ఆడకపోవడానికి ముక్కు మధ్య గోడ వంకరే కారణమైతే చేసేది సెప్టోప్లాస్టీ. అది అందం కోసం కాదు, చికిత్స.

కనురెప్పలు

వయసుతో పై రెప్ప చర్మం వదులై కంటి మీదికి జారుతుంది, కింద సంచుల్లా ఉబ్బుతుంది. బ్లెఫరోప్లాస్టీలో పై రెప్పలో అదనపు చర్మం తీసేస్తారు, కింది రెప్పలో కొవ్వును సరిచేస్తారు. పై రెప్ప మచ్చ ముడతలో కలిసిపోతుంది. అయితే నల్లటి వలయాలు చర్మం రంగు వల్ల వచ్చినవైతే ఈ ఆపరేషన్‌తో పోవు. కంటి చివరల ముడతలు కూడా పోవు. రెప్పను ఎత్తే కండరం బలహీనపడి కన్ను మూతపడుతుంటే దానికి వేరే ఆపరేషన్ ఉంది.

కొన్నాళ్లు కళ్లు పొడిబారడం మామూలే. ఆపరేషన్ తర్వాత కంట్లో తీవ్రమైన నొప్పి వచ్చినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చాలా అరుదే అయినా కంటి వెనక రక్తం చేరి చూపు పోయే ప్రమాదం ఉంది.

ఫేస్‌లిఫ్ట్

దవడ పక్కల, మెడ మీద వేలాడే చర్మానికి చేసేది ఇది. చెవి చుట్టూ కోత పెట్టి, చర్మం కింది పొరను బిగించి, మిగిలిన చర్మం తీసేస్తారు. కొన్నేళ్లు వయసు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ వయసు ఆగదు, కొన్నేళ్లకు చర్మం మళ్లీ జారుతుంది. మంగు మచ్చలు, సన్నటి గీతలు దీనితో పోవు. రక్తం గడ్డకట్టడం, ముఖ నరం దెబ్బతినడం ఇందులో ఉన్న ప్రమాదాలు. సిగరెట్, గుట్కా, హుక్కాలోని నికోటిన్ రక్త ప్రసరణను తగ్గిస్తుంది, కుట్లు వేసినచోట చర్మం చచ్చిపోవచ్చు. అందుకే కొన్ని వారాల ముందే మానేయమంటారు. ఆ అలవాటు డాక్టర్ దగ్గర దాచకూడదు.

చెవులు

బయటికి పొడుచుకొచ్చినట్టున్న చెవులను వెనక్కి సర్దే ఓటోప్లాస్టీని ఐదారేళ్ల వయసు నుంచి చేయొచ్చు. అప్పటికి చెవి దాదాపు పూర్తి సైజుకు వచ్చేస్తుంది. బరువైన ఝుంకాలతో సాగి చీలిపోయిన చెవి తమ్మెలను కుట్టడం ఇంకా చిన్న పని. ఆ భాగానికి మాత్రమే మత్తిచ్చి చేస్తారు, చాలావరకు అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. మళ్లీ కుట్టించుకోవాలంటే కొన్ని నెలలు ఆగి, పాత మచ్చకు పక్కన కుట్టించుకోవాలి.

గడ్డం, దవడ

గడ్డం లోపలికి ఉంటే ఎముకను కోసి ముందుకు జరుపుతారు, లేదా ఇంప్లాంట్ పెడతారు. పళ్ల వరసలు కూడా కలవకపోతే సమస్య దవడదే. దానికి పళ్లకు క్లిప్పులు, తర్వాత దవడ ఆపరేషన్ కావాలి. గడ్డం ఒక్కటే మారిస్తే నమలడంలో ఇబ్బంది అలాగే ఉంటుంది.

మచ్చలు, గ్రహణం మొర్రి

ఏ సర్జన్ కూడా మచ్చను పూర్తిగా చెరిపేయలేడు. సన్నగా చేయగలడు, ముడతలో దాచగలడు, అంతే. గడ్డకట్టినట్టు పెరిగే కీలాయిడ్ కోసేసినా మళ్లీ రావొచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆ లక్షణం ఉంటే ఏ ఆపరేషన్‌కైనా ముందే చెప్పాలి.

గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైతే మాట స్పష్టంగా రాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుర్తించే లోపాల్లో ఇది కూడా ఉంది. అంగన్‌వాడీలో గానీ, ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ అడగొచ్చు.

నమాజ్, వజూ సంగతి

ముక్కు ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు తల కిందికి వంచొద్దని, ముక్కుకు ఒత్తిడి తగలొద్దని చెబుతారు. అంటే సజ్దా ఎలా అన్న ప్రశ్న వస్తుంది. జబ్బుపడినవాళ్లకు సైగలతో నమాజ్ చేసే సడలింపు ఉంది, కట్టు మీద మసహ్ చేసే పద్ధతీ ఉంది. సజ్దా ఎప్పటి నుంచి చేయొచ్చో సర్జన్‌ను, మిగతా వివరాలు ఆలిమ్‌ను ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

షరీఅత్ ఏమంటుంది

యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) పెట్టుకున్న వెండి ముక్కు దుర్వాసన వేస్తే, బంగారు ముక్కు పెట్టుకోమని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్టు అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. మగవాళ్లకు బంగారం నిషిద్ధమైనా అవసరం కోసం అనుమతించారు. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2007లో మలేసియాలోని పుత్రజయ సమావేశంలో ఇదే తేడాను వివరించింది. లోపాన్ని, గాయాన్ని సరిచేసుకోవచ్చు. మామూలుగా ఉన్న రూపాన్ని కేవలం మోజు కోసం మార్చుకోకూడదు. ఏది లోపం, ఏది మోజు అన్న సందేహం ఉంటే ముఫ్తీని సంప్రదించాలి.

ఖర్చు ఎవరిది

ఆరోగ్య బీమా పాలసీలు కాస్మెటిక్ సర్జరీకి డబ్బు ఇవ్వవు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత చేసేదానికి, వైద్యపరంగా అవసరమైనదానికి మినహాయింపు ఉంది. ఆ అవసరాన్ని డాక్టర్ రాతపూర్వకంగా ఇవ్వాలి. వైద్య సేవలకు ఉన్న జీఎస్టీ మినహాయింపు కూడా అందం కోసం చేసే ఆపరేషన్లకు వర్తించదు. కొటేషన్‌లో పన్ను, మత్తు డాక్టర్ ఫీజు, గది, మందులు, మళ్లీ ఆపరేషన్ పడితే అయ్యే ఖర్చు కలిశాయో లేదో అడగాలి.

ఎవరి దగ్గర చేయించుకోవాలి

ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్, సర్జరీలో పీజీ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా దానికి సమానమైన డిగ్రీ ఉన్నవాళ్లు. ముక్కుకు ఈఎన్‌టీ సర్జన్లు, దవడకు మాక్సిలోఫేషియల్ సర్జన్లు కూడా చేస్తారు. బ్యూటీ కోర్సు సర్టిఫికెట్ కత్తి పట్టడానికి అర్హత కాదు. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగడానికి మొహమాటం వద్దు. ఆపరేషన్ ఎక్కడ జరుగుతుంది, మత్తు ఎవరిస్తారు, రాత్రి ఏదైనా అయితే ఎవరు వస్తారు అన్నది కూడా అడగాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది.

చివరగా, అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి ఒక్క మాట అడగాలి: ఇది నీకు కావాలా, మా కోసమా? మంచి సర్జన్లు కూడా ఇదే అడుగుతారు. ముక్కు దూలం మీది ఎత్తును సర్జరీ తగ్గించగలదు. వంక పెట్టాలనుకున్నవాళ్ల నోటిని మాత్రం ఏ సర్జరీ మూయించలేదు.