నూలుగుడ్డ, రాతినార, విమానపు రెక్క

విమానము లోహముతో నిర్మించిన యంత్రమని మనలో పెక్కుమంది తలంచుచుందుము. ఆ తలంపు సగము మాత్రమే సత్యము. విమానము కొయ్యతోను గుడ్డతోను పుట్టినది. నడివయసులో లోహకవచము తొడిగినది. నేడు మరల నారయొద్దకు వచ్చి చేరినది. నారను జిగురుతో బంధించి చేయు వస్తువును ఇంజనీర్లు కాంపోజిట్ అందురు. మనము సంయుక్త పదార్థమని చెప్పుకొనవచ్చును. పేరు క్రొత్తదే గాని పని ప్రాతది. వెదురుగంపను పేడతో అలికి ధాన్యము పోసిన ఇల్లాలును, గోడమట్టిలో గడ్డి వేసి త్రొక్కించిన గృహస్థుడును చేసినది ఈ పనియే. వెదురు ఒక్కటే అయినచో గింజలు జారిపోవును. పేడ ఒక్కటే అయినచో ఎండి పగులును. రెండును కలిసినప్పుడు ఏ ఒక్కదానికిని లేని గుణము ఏర్పడును.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు విమానముల కర్మాగారములకు పేరుపొందినవి కావు. అయినను ఈ చరిత్రను ఆ మూడు ఊళ్లమీదుగా చెప్పుటకు మేము పూనుకొన్నాము. విమాన పరిశ్రమ నూరేండ్లకు పైగా వెదకుచు వచ్చిన నారలలో రెండు జాతులు ఆ నేలలో కలవు. ఒకటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రేగడిచేలలో పండెడు ప్రత్తి. రెండవది పులివెందుల కొండలలో దాగిన రాతినార. ప్రత్తి మనిషి ఒంటిని కప్పినది. రాతినార మనిషి ఊపిరిమీదికి వచ్చినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినగాని నేటి విమానపు రెక్క విలువను మనము సరిగా తూచజాలము.

నారకు జిగురు ఎందుకని నేతగానికి ఎవరును బోధింప బనిలేదు. ప్రొద్దుటూరులోను జమ్మలమడుగులోను మగ్గము నడచిన ఇండ్లలో పడుగునూలుకు గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఆరబెట్టుట తరతరముల ఆచారము. గంజి లేని పోగు మగ్గముమీద రాపిడికి నూగెత్తి తెగిపోవును. విమానములకు వాడు కార్బన్ నారకును కర్మాగారమునందు ఇట్టి పూత ఒకటి పెట్టుదురు. ఆ పూతకును, మిల్లులలో పడుగుకు పెట్టు గంజికిని పేరొకటే: సైజింగు. నేతశాలనుండి విమానశాలకు నడచివచ్చిన మాటలలో ఇది యొకటి.

1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలో రైటు సోదరులు ఎగిరిన విమానమునకు కొయ్యచట్రముమీద నూలు మస్లిను గుడ్డ తొడిగిన రెక్కలుండెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అవిసెనారతో నేసిన లినెన్ గుడ్డను చట్రమునకు బిగించి, దానిపై సెల్యులోజు పూత పూయుచుండిరి. పూత ఆరినకొలది గుడ్డ డోలుచర్మమువలె బిగిసి, గాలిని లోనికి రానీయక నిలుచును. యుద్ధమువలన అవిసె కొరవడగా నూలుగుడ్డ దాని స్థానమునకు వచ్చెను. నార, పూత, చట్రము అను మూడింటి పొత్తు నాడే ఏర్పడినది.

అట్టి నూలుగుడ్డలలో ఒకదాని పేరు మన తెలుగునేలదే. నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము 17వ శతాబ్దిలో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీకి వర్తకస్థానము. అచటినుండి ఓడలకెక్కిన తెల్లని నూలుగుడ్డకు ఆంగ్లేయుల నోట మడపొల్లమని పేరు వచ్చెను. పిదప ఆ గుడ్డ ఇంగ్లండు మిల్లులలోనే తయారగుచున్నను పేరు మాత్రము మారలేదు. రెండవ ప్రపంచయుద్ధమున ప్రసిద్ధికెక్కిన డీ హావిలాండ్ మస్కిటో విమానమునకు పైపొర ఈ మడపొల్లమే. 1940 నవంబరు 25వ తేదీన తొలిసారి ఎగిరిన ఆ విమానమును మొత్తము 7,781 వరకు నిర్మించిరి. రెండు పలుచని బర్చి ప్లైవుడ్ రేకులనడుమ మిగుల తేలికయైన బాల్సా కొయ్యను ఇమిడ్చి, జిగురుతో అతికి, దానిపై మడపొల్లము పరచి పూతపూసినచో దాని మొండెము సిద్ధమగును. గట్టి పొరలనడుమ తేలిక పొరను ఉంచు ఈ పద్ధతి నేటి విమానములలోను నడచుచున్నది.

మస్కిటో మనకొక పాఠమును కూడ మిగిల్చిపోయెను. 1944లో భారతదేశమునకును బర్మా రంగమునకును వచ్చిన మస్కిటోలు కొన్ని గాలిలోనే విరిగిపడెను. విమానములను నేలమీద నిలిపి పరీక్షింపగా అతుకులలో లోపములు కనబడెను. కొన్నిచోట్ల చెక్కకును చెక్కకును నడుమ సందు మిగిలియుండెను. మన దేశపు ఎండయు తేమయు ఆ లోపమును పెంచెను. నార యెంత గట్టిదైనను దానిని పట్టియుంచు బంధము నమ్మదగినదిగా ఉండవలెను. అతుకు లోపల ఏమున్నదో కన్ను చూడజాలదు గనుక, అతికిన చేతులమీదను పరీక్షించిన కన్నులమీదను విమానమెక్కిన వాని ప్రాణము ఆధారపడును.

ఇక పులివెందుల మాట. కడప ప్రాంతపు శిలలనుగూర్చి జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగు 1872లో ఒక గ్రంథము ప్రకటించెను. అందలి శిలావర్గములలో ఒకదానికి మన వేంపల్లె పేరే పెట్టెను. ఆ వేంపల్లె డోలమైటు పొరలలోనికి సుమారు 190 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి కరిగిన శిల చొచ్చుకొనివచ్చెను. ఆ వేడికిని నీటికిని డోలమైటు కొంత మారి పచ్చని సర్పెంటైను శిల అయ్యెను. దాని సందులలో పట్టుపోగులవంటి సన్నని నార పేరుకొనెను. అదియే క్రిసొటైలు జాతి ఆస్బెస్టాస్, మనము రాతినార యనునది. పులివెందుల చెంతనున్న బ్రాహ్మణపల్లె ఈ నారకు పేరొందినది. దత్తమండలముల రాతినారనుగూర్చి జియలాజికల్ సర్వే శాస్త్రజ్ఞుడు ఎ. ఎల్. కౌల్సన్ వ్రాసిన గ్రంథము 1934లో వెలువడెను.

రాయియై పుట్టి దారమువలె వంగునది, నిప్పులో వేసినను కాలనిది. ఇట్టి వస్తువును పరిశ్రమలు వదలునా? మన దేశమున దానిలో అత్యధికభాగము సిమెంటు రేకులకును గొట్టములకును పోయెను. సిమెంటు రేకుకూడ సంయుక్త పదార్థమే: అందు నార రాతినార, జిగురు సిమెంటు. ఇతర దేశములలో రాతినార విమానములలోను చేరెను. ఇంజనుకును మొండెమునకును నడుమ మంటను ఆపు తెరలకు, చక్రముల బ్రేకులకు దానిని వాడిరి. ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమున రాతినారను ఫీనాలిక్ జిగురుతో కలిపి రెక్కలే చేసి పరీక్షించిరి. పులివెందుల నార ఆ రెక్కలలో చేరినదని మేము చెప్పుటలేదు. ఆ జాతి నారమీద ప్రపంచమునకు ఎంత ఆశ కలిగినదో చెప్పుటయే మా ఉద్దేశము.

అయితే ఆ నార గుణమే దాని దోషము. ప్రత్తిపోగును చీల్చుకొనుచు పోయినచో ఒకచోట ఆగవలెను. రాతినార నిలువునా చీలుచు, చీలుచు, వెండ్రుకలో వేయవవంతుకంటెను సన్నగిలును. అంత సన్నని పోగు కంటికి కానరాదు; గాలిలో తేలును; ఊపిరితో లోనికి పోయి అచటనే నిలుచును. నిప్పునకు లొంగని నార శరీరమునకు మాత్రము లొంగునా? 1924లో ఇంగ్లండున డాక్టరు కుక్, రాతినార మిల్లులో పనిచేసి మరణించిన యొక స్త్రీ ఊపిరితిత్తుల స్థితిని వైద్యపత్రికలో ప్రకటించెను. 1930లో మెరివెదరు, ప్రైసు అను వారు కార్మికులను పరీక్షించి బ్రిటిషు ప్రభుత్వమునకు నివేదిక సమర్పించిరి. మరుసటి సంవత్సరమే ఆ దేశమున ధూళిని అరికట్టు నిబంధనలు వచ్చెను. ఊపిరితిత్తుల కాన్సరుతో ఈ ధూళికి గల సంబంధమును 1955లో రిచర్డు డాల్ నిరూపించెను. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నరును ఆయన సహచరులును, గనులచెంత నివసించినవారికి సైతము ఊపిరితిత్తుల పైపొరకు కాన్సరు సోకినట్లు చూపిరి.

ఈ సంవత్సరములను ఒకసారి వరుసగా చూతము. ఊపిరినిగూర్చిన నివేదిక 1930 నాటిది. మన రాతినారనుగూర్చిన గ్రంథము 1934 నాటిది. రెండును ఒకే సామ్రాజ్యమున, నాలుగేండ్ల ఎడముతో వెలువడినవి. భూగర్భశాస్త్రజ్ఞుడు శిలను చదువుట ధర్మమే. అందు ఆయన తప్పు లేదు. కాని శిలాజ్ఞానము కొండవరకు నడచివచ్చినంత వేగముగా వైద్యజ్ఞానము మన దేశపు గనికూలి గుడిసెవరకు నడచిరాలేదు. రాతినార రోగము బయటపడుటకు ఇరువది, ముప్పది ఏండ్లు పట్టును. అప్పటికి కూలి ఆ పని మానియుండును, ఊరు మారియుండును. దగ్గుతో వచ్చిన ముసలివానిని వైద్యుడు క్షయ అనుకొన్నను ఆశ్చర్యము లేదు.

మన దేశమున రాతినార గనులకు క్రొత్తగా గుత్తలిచ్చుట 1986లో నిలిచెను. 1995 జనవరి 27వ తేదీన సుప్రీముకోర్టు రాతినార కార్మికుల విషయమున ఒక గొప్ప తీర్పు చెప్పెను. దానిని వ్రాసినది తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. ఆరోగ్యమునకును వైద్యమునకును కార్మికునికి గల హక్కు జీవించు హక్కులోని భాగమని అందు నిర్ణయించిరి. ప్రతి కార్మికుని ఆరోగ్యవివరములను పనిలో చేరిననాటినుండి 40 సంవత్సరములుగాని, పని విరమించిన పిమ్మట 15 సంవత్సరములుగాని, ఏది ఆలస్యమైన అంతవరకు భద్రపరుపవలెనని యజమానులను ఆదేశించిరి. వ్యాధి నిర్ధారణయైన వానికి లక్షరూపాయల పరిహారము విధించిరి. నలువదేండ్లను లెక్కలోనికి తీసికొన్న ఆ తీర్పు ఈ నార స్వభావమును చక్కగా గ్రహించినది.

ఈలోపల విమానము మరియొక నారను పట్టుకొనెను. 1960 ప్రాంతమున జపానులో అకియో షిండోయు, పిదప ఫార్న్‌బరోలో వాట్, ఫిలిప్స్, జాన్సన్ అను వారును కృత్రిమనారను గాలి సోకకుండ మిక్కిలి వేడిచేసి గట్టి కార్బన్ నారగా మార్చు విధానములను కనుగొనిరి. అది ఉక్కు బరువులో నాలుగవవంతు మాత్రమే తూగును. ఆ నారను ఎపాక్సీ జిగురులో తడిపి, పొరలుగా పరతురు. ఒక పొర నిలువు, ఒక పొర అడ్డము, మరికొన్ని ఏటవాలు. పడుగుపేకల బలము రెండు దిక్కులకే చెల్లును. ఈ పేర్పున బరువు ఏ దిక్కుననుండి వచ్చునో ఆ దిక్కునకే నారను నిలుపవచ్చును. పిమ్మట గాలిని లాగివేసి, ఆటోక్లేవు అను ఒత్తిడికొలిమిలో ఉడికింతురు. మస్కిటోకు వలె ఇచటను లోపలి సందు ఒక్కటి మిగిలినను ప్రమాదమే. అందుచేత పూర్తియైన రెక్కను అల్ట్రాసౌండుతో అంగుళమంగుళము పరీక్షింతురు.

ఈ విద్యలో హైదరాబాదునకు గట్టి స్థానము కలదు. 1989 మే 22వ తేదీన ఎగిరిన అగ్ని క్షిపణి ముక్కుభాగమును, తిరిగి వాతావరణమున ప్రవేశించునపుడు పుట్టు వేడిని ఓర్చుకొనునట్లు, కార్బన్ నారతో అచటి రక్షణ ప్రయోగశాలలు రూపొందించెను. 2001 జనవరి 4వ తేదీన బెంగుళూరులో తొలిసారి ఎగిరిన తేజస్ విమానపు కట్టడములో దాదాపు 45 శాతము బరువు సంయుక్త పదార్థములదే. దాని బ్రేకుబిళ్ళలకును కార్బన్ పదార్థమును హైదరాబాదులోనే సిద్ధపరచిరి. ఒకనాడు రాతినార కూర్చున్న చోట నేడు కార్బన్ కూర్చున్నది. క్షిపణులకు వాడిన ఈ తేలిక పదార్థముతోనే డాక్టరు అబ్దుల్ కలామ్ సహచరులు, నిజామ్స్ వైద్యసంస్థలోని పిల్లల కాళ్లకు మూడు కిలోల పట్టీల బదులు 300 గ్రాముల పట్టీలు చేసియిచ్చిరి. 2015లో కడప విమానాశ్రయము మరల తెరువబడిన పిమ్మట అచట వాలిన ఏటీఆర్ 72 విమానముల రెక్కలలోను కార్బన్ నార కలదు. ప్రొద్దుటూరునుండి పోయి ఆ విమానమెక్కిన ప్రయాణికుడు తనకు తెలియకయే నారమీద ఎగిరినాడు.

కార్బన్ నార రాతినారవలె నిలువునా చీలదు, అడ్డముగా విరుగును. కనుక రెండింటిని ఒక్కగాట కట్టుట న్యాయము కాదు. అయినను దానిని కోయునపుడును రాకునపుడును లేచు ధూళి చర్మమునకును ఊపిరికిని హితవు కాదు. ధూళిని లాగు యంత్రము, ముఖమునకు తొడుగు ఉండితీరవలెను. కడప జిల్లా యువకులు హైదరాబాదు, బెంగుళూరుల విమానశాలలలో పనికి కుదురుకొనుచున్న కాలమిది. రెక్క ఎన్ని కిలోలు తగ్గినదో కర్మాగారము లెక్క వ్రాసికొనును. ఆ రెక్కను కోసిన కుర్రవాని ఊపిరి లెక్కయు అంత శ్రద్ధగా, అన్ని ఏండ్లు వ్రాసియుంచవలెను. పులివెందుల గనులలో ఒకప్పుడు పనిచేసినవారు ఇంటిలో ఉన్నచో, వారు వైద్యునియొద్దకు పోయినపుడు తమ దగ్గుతోపాటు తాము చేసిన పనినిగూర్చియు చెప్పవలెను. రోగికి గుర్తున్న ఆ ఒక్క మాట వైద్యునికి సరియైన దారి చూపవచ్చును.