బారలు, మేకలు, మణికట్టు యంత్రం

వాడరేవు ఇసుకలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా మణికట్టు వైపు చూసి, "ఏంటి బాబూ అది, గడియారమా?" అని అడిగాడు. సముద్రంలో మునిగినప్పుడు ఎంత లోతున ఉన్నామో, సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చెబుతుంది తాతా అన్నాను. "లోతుకి మాకు తాడూ సీసపుగుండూ చాలు. మరి అది చెప్పటం మానేస్తేనో?" అన్నాడు. అంతకు నెల ముందే అండమాన్ సముద్రంలో, 18 మీటర్ల లోతున, సరిగ్గా అదే ప్రశ్న నాకు ఎదురైంది. తెరమీద గాలి అంకె ఉండవలసిన చోట రెండు గీతలు మాత్రం మిగిలాయి.

మన పడవలవాళ్లు లోతును బారల్లో చెబుతారు. రెండు చేతులూ చాపితే ఒక బార. ఇంగ్లీషువాడి ఫాదమ్ కూడా అలా చాచిన చేతుల్లోంచి పుట్టిన మాటే. గణపతిదేవుడు 1244లో నావికవర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి ఇక్కడికి దగ్గరే. ఆ రేవుకు వచ్చిన ఓడలూ గుండు వేసి లోతు చూసుకునే ఉంటాయి. అయితే తాడు చెప్పేది సముద్రం లోతు. ఆ లోతు మనిషి ఒంటిని ఏం చేస్తుందో తెలియడానికి పంతొమ్మిదో శతాబ్దం దాకా ఆగవలసివచ్చింది.

పది మీటర్లు దిగితే ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తమాంసాల్లో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే, గోలీసోడా కొట్టినప్పటిలాగే, బుడగలై బయటపడుతుంది. కీళ్లనొప్పులు, పక్షవాతం, ఒక్కోసారి మరణం. బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ మేకలను పీడనపు గదిలో ఉంచి పరీక్షించి, 1908లో పట్టికలు ప్రచురించాడు. పీడనం సగానికి తగ్గేదాకా త్వరగానే రావచ్చు, ఆపైన మెట్టుమెట్టుకూ ఆగి రావాలి అన్నది ఆయన లెక్క. శరీరాన్ని అయిదు రకాల కణజాలాలుగా ఊహించి, ఒక్కొక్కటి ఎంతసేపట్లో సగం నిండుతుందో, 5 నిమిషాల నుంచి 75 నిమిషాల దాకా, అంచనా కట్టాడు. 1983లో వచ్చిన ఎడ్జ్, డెకోబ్రెయిన్ మొదలు నా చేతి యంత్రం దాకా, లెక్కలు ఎంత మారినా, మూలం ఆ ఊహే.

ఆ పరిశోధనల కాలంలోనే, 1906లో, ఆయన తన 13 ఏళ్ల కొడుకును కూడా సముద్రంలోకి దింపాడు. తొడుగు పెద్దదై లోపలికి నీళ్లు చేరాయట. ఆ పిల్లవాడే జె.బి.ఎస్. హాల్డేన్. 1939లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది పోయాక, తానే పీడనపు గదిలో కూర్చుని పరీక్షలు చేసుకున్నాడు. ఆమ్లజని ఎక్కువై వచ్చిన మూర్ఛల్లో వెన్నెముక దెబ్బతింది. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. మన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చారు. తీరం వెంట పుట్టిపెరిగిన నాకు ఈ సంగతి నలభై ఏళ్లు దాటాక గాని తెలియలేదంటే, నా చదువు మీద నాకే చిన్నచూపు కలిగింది.

ఇంతకీ ఆ రోజు. లోతు, ఇంకా ఉండగల సమయం యంత్రం తానే కొలుచుకుంటుంది కనుక అవి చక్కగానే కనబడుతున్నాయి. పోయింది గాలి లెక్క. అది సిలిండరు మెడ దగ్గరి రెగ్యులేటరుకు బిగించిన చిన్న ప్రసారిణి నుంచి రేడియో తరంగాలమీద రావాలి. ఉప్పునీరు రేడియోను మింగేస్తుంది. అందుకే చాలా తక్కువ పౌనఃపున్యం వాడతారు. అయినా అది అందేది ఒకటిన్నర మీటరు లోపే. ప్రసారిణి ఒక పక్కన, యంత్రం మరో చేతికి ఉన్నా, పక్కవాడి కెమెరా ఫ్లాష్ వెలిగినా అంకె కాసేపు మాయం కావచ్చు. చేయి భుజం దగ్గరికి తెచ్చి చూశాను. రాలేదు. గొట్టానికి వేలాడే ముల్లు మీటరును, రెండూ ఎందుకని, ఒడ్డునే తీసేసి వచ్చిన తెలివి నాది! తోడుగా దిగినతనికి సైగ చేసి, అతని మీటరు చూసుకుంటూ, అతని వెంటే మెల్లగా పైకి వచ్చాను. అయిదు మీటర్ల దగ్గర ఆగిన మూడు నిమిషాలు మాత్రం తెగలేదు. పైకి వచ్చాక ప్రసారిణి బ్యాటరీ మార్చగానే అంకె బుద్ధిగా తిరిగివచ్చింది.

కొనబోయేవారు తెర రంగులు తరవాత చూడవచ్చు. రెండు బ్యాటరీలూ మనమే మార్చుకోగలమా, ప్రసారిణిది బలహీనపడితే యంత్రం ముందే హెచ్చరిస్తుందా, తెగిన ప్రసారం దానంతట అదే కలుస్తుందా అన్నవి ముందు అడగాలి. దిగేముందు సిలిండరు తెరిచి, తెరమీది అంకెనూ ముల్లునూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇదంతా పెద్దాయనకు నాకు చేతనైనట్టు చెప్పాను. ముల్లు మీటరు మళ్లీ తగిలించుకున్నానని కూడా అన్నాను. "అయితే తాడు ఉండవలసిందేనన్నమాట" అని నవ్వి, వల పనిలో పడిపోయాడు.

వచ్చే నెల కాకినాడలో ఒక పెళ్లి ఉంది. వీలు చూసుకుని రంగరాయ కళాశాలకు వెళ్లి అడుగుదామని అనుకుంటున్నాను.