ఆటలోని పేకాట

పేకాట చరిత్రలో ఒక విచిత్రమున్నది. ముక్కలు మిగిలి, ఆట నశించిన సందర్భమొకటి. ఆట నిలిచి, ముక్కలే లేని సందర్భము మరొకటి. మొదటిదానికి సాక్ష్యము ఇస్తాంబులు నగరములో ఉన్నది. రెండవది మన కాలములోనే, జపాను దేశములో, ఒక కంప్యూటరు ఆట కడుపున పుట్టినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఆట అనునది ముక్కలలో ఉండునా, నియమములలో ఉండునా, ఆడువారిలో ఉండునా అను ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

ఇస్తాంబులులోని తోప్కాపి రాజప్రాసాదమున 1931లో ఎల్. ఏ. మేయర్ అను పండితుడు ఒక ప్రాచీనమైన పేకను గుర్తించినాడు. అది ఈజిప్టును ఏలిన మమ్లూకు సుల్తానుల సంప్రదాయమునకు చెందినది. 52 ముక్కలు ఉండవలసిన ఆ కట్టలో 47 మిగిలినవి. గిన్నెలు, నాణెములు, కత్తులు, పోలో కఱ్ఱలు అనునవి అందలి నాలుగు జాతులు. రాజు, నాయబు, రెండవ నాయబు అనునవి పెద్ద ముక్కలు. ఈ 'నాయబు' అను మాటయే స్పెయిను దేశమునకు ప్రయాణము చేసి, అచట పేకముక్కకు 'నైపె' అను పేరైనదని పలువురు పండితుల అభిప్రాయము. ఇంత తెలిసియు, ఆ ముక్కలను చేతబట్టి ఎట్లు ఆడెడివారో చెప్పు గ్రంథము మాత్రము మనకు దక్కలేదు. బంగారు వన్నె చెదరని ఆ ముక్కలు మూగవైపోయినవి.

మన దేశమున ఇందుకు భిన్నముగా జరిగినది. బాబరు చక్రవర్తి 1527లో సింధు పాలకునికి గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్మృతులలో వ్రాసికొన్నాడు. అక్బరు కాలమున అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో పండ్రెండు జాతుల పాత పేకను వర్ణించినాడు. అశ్వపతి, గజపతి, నరపతి అను పేర్లు అందు కానవచ్చును. ఈ మూడు బిరుదములు తెలుగువారికి క్రొత్తవి కావు. మన చరిత్ర గ్రంథములలో రాజులను ఈ పేర్లతోనే చెప్పుకొందుము. అక్బరు ఆ పేకను తన అభిరుచికి తగినట్లు మార్చినాడనియు అబుల్ ఫజలే చెప్పినాడు. కావున ఒక ఆటను విప్పి, మరల కూర్చుట నేటి బాలుర క్రొత్త వేడుక ఏమియు కాదు. రాజులు చేసిన పనియే.

ఇక రెండవ సందర్భమునకు వత్తము. 1999 ఫిబ్రవరి 11వ తేదీన జపానులో స్క్వేర్ అను సంస్థ 'ఫైనల్ ఫాంటసీ' వరుసలో ఎనిమిదవ ఆటను ప్లేస్టేషను యంత్రము కొఱకు విడుదల చేసినది. ఇట్టి ఆటలలో ఆడువాడు కథానాయకుని పాత్రను తాను వహించి, ఊరూర తిరుగుచు, పోరాటములు చేయుచు కథను నడుపును. ఇందలి నాయకుడు స్క్వాల్ అను సైనిక విద్యార్థి. అతడు నడుమ నడుమ ఆగి, దారిలో తటస్థపడినవారితో ఒక పేకాట ఆడవచ్చును. దాని పేరు 'ట్రిపుల్ ట్రయాడ్'. దానిని ముట్టకయే కథను ముగింపవచ్చును. అయినను లోకమును రక్షింప బయలుదేరి, పేకాటలో కాలము గడపినవారు దేశదేశములలో ఉన్నారు.

ఆట సులభము. మూడు వరుసల చొప్పున తొమ్మిది గడులు. ఒక్కొక్కరికి అయిదు ముక్కలు. ప్రతి ముక్కపై నాలుగు ప్రక్కలకు నాలుగు అంకెలు; ఒకటి మొదలు తొమ్మిది వరకు, ఆపైన పదికి బదులు 'ఏ' అను అక్షరము. ఎదుటివాని ముక్క ప్రక్కన మన ముక్కను ఉంచినపుడు, తాకిన ప్రక్కన మన అంకె పెద్దదైనచో వాని ముక్క మన రంగునకు మారును. సమానమైనచో మారదు. గడులన్నియు నిండిన పిమ్మట ఎవరి రంగు ముక్కలు ఎక్కువో వారిది గెలుపు. మూలగడిలో పెట్టిన ముక్కకు రెండు ప్రక్కలే బయటపడును. నడిమి గడిలోని దానికి నాలుగును బయటనే. ఈ చిన్న భేదము నుండియే యుక్తియంతయు పుట్టినది.

దీనిపై మరికొన్ని నియమములు కలవు. 'కూడిక' అనదగిన నియమమును చూడుడు. మన ముక్కకు ఎడమ ప్రక్క 4, దానిని తాకిన ముక్క 5. మన పైప్రక్క 2, దానిని తాకినది 7. విడివిడిగా మనకు రెంటను ఓటమియే. కాని రెండు ప్రక్కల మొత్తము తొమ్మిదే అగుటచేత ఆ రెండును మనవగును. బలహీనుడు లెక్క తెలిసినవాడైనచో బలవంతుని గెలువగలడన్నమాట.

ఇట్టి ఆటను యంత్రము నుండి వెలికి తీసి ఇంటి బల్లమీద ఆడవలెనని అభిమానులకు కోరిక కలిగినది. జపానులో బందాయ్ సంస్థ ఈ ముక్కలను అచ్చువేసి విక్రయించినది. కాగితము, కత్తెర పట్టుకొని స్వయముగా చేసికొన్నవారు ఉన్నారు. కంప్యూటరు విద్య నేర్చుకొనుచు దీనినే తొలి అభ్యాసముగా వ్రాసినవారును ఉన్నారు. మాతృసంస్థయే 2015లో 'ఫైనల్ ఫాంటసీ' పదునాలుగవ ఆటలో దీనిని మరల ప్రవేశపెట్టినది. 2000లో వచ్చిన తొమ్మిదవ ఆటలో 'టెట్రా మాస్టర్' అను వేరొక పేకాట ఉన్నది. అందు పదునారు గడులు, ముక్కలపై బాణపు గుర్తులు. గెలుపోటములలో అదృష్టమునకును పాలున్నది. ఆ లెక్క యంత్రమునకు తేలిక, మనిషికి భారము. మొదటి ఆట లెక్క మాత్రము మనిషి మనస్సున పట్టును. అది మరల మరల చేయబడుటకు ఇదియొక కారణము.

పని మొదలుపెట్టిన పిమ్మట గాని చిక్కులు తెలియవు. తెరపై ముక్క రంగు దానంతట అదే మారును. బల్లమీద ముక్కను త్రిప్పవలెను. అందుకొఱకు ఒక వైపు నీలము, రెండవ వైపు ఎఱుపు అచ్చువేసి, త్రిప్పిన తరువాత కూడ ఎడమ అంకె ఎడమనే ఉండునట్లు చూడవలెను. పుస్తకపు పుట త్రిప్పినట్లు త్రిప్పినచో సరి. క్రిందుమీదుగా త్రిప్పినచో అంకెలన్నియు తారుమారు. తెరముందు ఇద్దరును ఒకే దిక్కున చూతురు. ఎదురెదురుగా కూర్చున్నవారికో, ఒకరికి పైదైనది మరొకరికి క్రిందిది. ముక్కల తల ఏ దిక్కున ఉండవలెనో ముందుగా ఒప్పందము కావలెను.

మరియొకటి. గడులు తొమ్మిది, ముక్కలు పది. మొదట ఆడినవాడు అయిదు ముక్కలును వేయును. రెండవవానికి చేతిలో ఒకటి మిగులును. ఆ మిగిలినదానిని కూడ వాని లెక్కలో చేర్చవలెను. చేర్చినచో అయిదు, అయిదుగా సమానము కావచ్చును. దానిని మరచినచో తొమ్మిదింటిని సమముగా పంచుట అసాధ్యము. సమానమైనపుడు తమ రంగున మిగిలిన ముక్కలతో మరల ఆడవలెనను నియమమే వ్యర్థమగును. యంత్రము పలుకక చేసిన చిన్న లెక్కలు ఎన్నియో ఇట్లు బయటపడును.

అన్నింటికంటె లోతైన విషయము పందెము. ఈ ఆటలో గెలిచినవాడు ఓడినవాని ముక్కను తీసికొనును. ఒక సీమలో ఒక్కటే, వేరొక సీమలో గెలుపు తేడా ఎంతయో అన్ని, ఇంకొకచోట మొత్తము అయిదును. ఆడు పద్ధతులును సీమకొక విధము. బాటసారియైన నాయకుడు ఒక సీమ ఆచారమును మరియొక సీమకు మోసికొనిపోవును. అది అచట వేరూనవచ్చును, ఉన్నది మాసిపోవచ్చును. కల్పితలోకమే అయినను ఇది నిజమైన పేకాట చరిత్రకు ప్రతిబింబము. మన కళావరు, ఆఠీను అను మాటలలో డచ్చి వర్తకుల 'క్లావర్', 'హార్టెన్' అను మాటల ధ్వని నేటికిని వినబడుచున్నది. ముక్కలతోపాటు మాటలును, మాటలతోపాటు ఆచారములును ఓడలెక్కి ప్రయాణము చేసినవి.

తెరమీది ప్రత్యర్థి తన ముక్క పోయినదని అలుగడు. రేపు మరల పిలిచినచో మరల ఆడును. బల్లకు ఆవలి వైపున తమ్ముడు కూర్చున్నపుడు, వాడు ఎన్నో దినములు దాచుకొన్న ముక్కను తీసికొనుట వేరు సంగతి. ఆట ముగిసిన పిమ్మట తిరిగి ఇచ్చివేయుదమా, ఉంచుకొందమా అని వారే మాటలాడి నిర్ణయించుకొనవలెను. యంత్రము నుండి ముక్కలను తేవచ్చును, నియమములను తేవచ్చును. ఈ ఒడంబడికను మాత్రము తేలేము. అది ఆడువారి మధ్యనే పుట్టవలెను. అది పుట్టినపుడే ఆట తిరిగి ప్రాణము పోసికొన్నట్లు.

ప్లేస్టేషను తొలి యంత్రములు నేడు పాతసామాను. ఆ ఎనిమిదవ ఆటను 2019లో మెఱుగుపెట్టి మరల విడుదల చేసినారు గనుక దాని ఆయుర్దాయము కొంత పెరిగినది. కాని ఆటను నిజముగా కాపాడుచున్నవారు, అది కండ్లయెదుట ఉండగనే నియమములను ఒక్కొక్కటిగా పరీక్షించి కాగితముపై పెట్టినవారు. తోప్కాపి ముక్కలకు అట్టి లేఖకుడు లేకపోయినాడు.

మన ఇండ్లలోను పెద్దలు ఆడిన ఆటలు ఉన్నవి. వానగుంటలు, పులిజూదము, పండుగనాటి పేకాటలు, ఇవి ఊరికొక తీరున, ఇంటికొక తీరున ఆడబడినవి. వాని గవ్వలు, పలకలు అటకమీద దొరకవచ్చును. మీ ఇంట ఆడిన తీరు ఏదో మాత్రము, చెప్పగల పెద్దలు ఉన్నపుడే అడిగి వ్రాసియుంచుడు.