పురుటింటి నియమములు - దీర్ఘవ్యాధుల నివారణము

మదనపల్లె ప్రాంతమున రెండు పాత వైద్యాలయములు కలవు. స్త్రీలకును శిశువులకును చికిత్స చేయుటకై అమెరికన్ ఆర్కాటు మిషనువారు 1911లో పట్టణమున నెలకొల్పిన మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి యొకటి. పట్టణమునకు కొలది దూరమున 1915లో ఆరంభమైన ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయము రెండవది. ఆ దినములలో ప్రసవము వేరు, దీర్ఘవ్యాధి వేరు అని జనులు తలచిరి. వైద్యులును అట్లే తలచిరి. ఈ రెంటికిని గల సంబంధము క్రమముగా బయటపడిన చరిత్రను ఇచ్చట చెప్పదలచినాము.

క్షయను మాన్పు మందు లేని కాలమున ఆరోగ్యవరమువంటి చికిత్సాలయములు రోగికి ముఖ్యముగా ఇయ్యగలిగినవి విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారము, వేళ తప్పని దినచర్య. దీర్ఘవ్యాధిపై అలవాట్లకు గల ప్రభావమును ఈ సీమవారు అచ్చటనే కన్నులార చూచిరి. కాని ఆ పాఠము పురుటింటికి చేరుటకు చాలకాలము పట్టినది.

1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అచ్చటి మిల్లు కూలీలలో గర్భిణులకు ప్రాణాంతకమైన రక్తహీనత కలుగుచుండెను. సూక్ష్మజీవి యేదో దీనికి కారణమని కొందరు శంకించిరి. ఆమె వారి వంటయిండ్లను పరిశీలించి, లోపము ఆహారమున నున్నదని గ్రహించెను. ఈస్టుసారమైన మార్మైట్‌ను తినిపింపగా రోగులు కోలుకొనిరి. ఈ సంగతిని ఆమె 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణకరమైన పదార్థమే పిమ్మట ఫోలిక్ ఆమ్లమని తేలినది.

దానిని కృత్రిమముగా తయారుచేసిన కీర్తిలో ఒక తెలుగువానికి భాగము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరు లిద్దరిని స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి కోల్పోయిరి. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును సాధించెను. ఆ మందు స్ప్రూ రోగులకును ఉపకరించినది. 1991లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలివారు మరియొక విషయమును నిరూపించిరి. వెన్నుపాము, మెదడు లోపములతో బిడ్డ నొకసారి కన్న తల్లులు, గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో, మరల అట్టి బిడ్డ కలుగు అపాయము 72 శాతము తగ్గును. నెల తప్పిన సంగతి తెలియునప్పటికే శిశువు వెన్ను రూపుకట్టుచుండును. కావుననే ముందుజాగ్రత్త యవసరము.

ఇంతవరకును వైద్యులు గర్భమును, శిశువును చూచిరి. తల్లి భావిజీవితమును చూచినవారు బోస్టనులోని ఓసల్లివన్, మహన్ అను పరిశోధకులు. వారు 1964లో 752 మంది గర్భిణుల రక్తపరీక్షల ననుసరించి చక్కెరకు ప్రమాణములు నిర్ణయించిరి. ఏ తల్లికి తరువాతి సంవత్సరములలో మధుమేహము రాగలదో ముందుగా తెలిసికొనుటయే వాని యుద్దేశము. గర్భకాలమున చక్కెర హెచ్చిన స్త్రీకి తరువాత మధుమేహము వచ్చు అపాయము ఇతరులకంటె కనీసము ఏడు రెట్లని 2009లో ప్రకటితమైన పరిశీలన తెలిపినది. గర్భకాలమున రక్తపుపోటు హెచ్చిన స్త్రీలకు హృద్రోగభయ మెక్కువ యనియు తేలినది.

ప్రసవముతో చక్కెర సాధారణముగా దిగిపోవును. ఇంటివారు సంతోషించి మరచిపోవుదురు. అపాయ మచ్చటనే యున్నది.

పెద్దమండ్యమువంటి మెట్ట గ్రామములలో తొలికాన్పు పుట్టింట జరుగుట యాచారము. ఆ నెలలలో తల్లియు, అమ్మమ్మయు చెప్పినదే శాసనము. వారి ప్రేమను మేము శంకింపము. కాని బాలింతకు నీరు తగ్గించుట, ఆకుకూరలు, పండ్లు మాన్పించుట, ముర్రుపాలు పిండి పారబోయుట మేలు కాదు. దేశమున గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనతతో బాధపడుచున్నారని 2019–21 కుటుంబారోగ్య సర్వే చెప్పుచున్నది. అట్టివారికి పథ్యము పేర నింకను తిండి తగ్గించుట తగునా? తోటకూర, మునగాకు, ఉలవలు, వేరుశెనగ ఈ నేలపై పండునవే. చక్కెర హెచ్చిన తల్లికి సంకటి ముద్ద కొంత తగ్గించి, పప్పును కూరను పెంచవలెను. ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రలు గర్భకాలమున 180 దినములును, ప్రసవానంతరము 180 దినములును వాడవలెనని ప్రభుత్వ నియమము. రెండవ సగమును చాలమంది విడిచిపెట్టుదురు. చనుబాలిచ్చుట బిడ్డకే గాక తల్లికిని రక్ష. అది మధుమేహపు అపాయమును తగ్గించును. బలము వచ్చిన పిదప ప్రతిదినము నడక మంచిది. ఇంట చుట్ట, బీడీల పొగ యుండరాదు.

మరియొక మాట. కాన్పునాటి కార్డును బిడ్డ టీకాలకొరకు మనము భద్రపరచుదుము. అందు తల్లి రక్తపుపోటు, చక్కెర అంకెలును వ్రాసియుండును. చక్కెర హెచ్చిన తల్లి ప్రసవమైన 6 వారములకు ఆ కార్డు తీసికొని ఆరోగ్య కేంద్రమునకు పోయి, మరల పరీక్ష చేయించుకొనవలెను. పిదప ఏటేట చేయించుకొనుట మేలు. బిడ్డకు సూదిమందు వేయించు దినముననే తల్లి పరీక్షయు జరిగినచో, ఆ యింటికి రెండవ ప్రయాణపు ఖర్చు కూడ నుండదు.