షట్చక్రముల క్రమభేదము

యోగప్రసంగము వచ్చినపుడెల్ల షట్చక్రములను అనాదినుండి మాఱక వచ్చిన లెక్కగా చెప్పుట పండితులలో వాడుకయైనది. నేడు సర్వత్ర వినబడు వర్ణనమునకు ముఖ్యాధారము వంగదేశీయుడగు పూర్ణానందయతి 1577లో రచించిన శ్రీతత్త్వచింతామణి యందలి షట్చక్రనిరూపణము. 1919లో జాన్ ఉడ్రఫ్ దొర ఆర్థర్ ఆవలన్ అను పేర దానిని ఆంగ్లీకరించి ప్రకటించినది మొదలు, ఆ యొక్క ప్రకరణమే సకలతంత్రములకును ప్రతినిధి యన్నంత ప్రసిద్ధి కలిగినది.

ప్రాచీనతంత్రములు ఇట్టి ఏకవాక్యతతో పలుకవు. నేత్రతంత్రము ఆఱు చక్రములనే చెప్పినను వాని పేరులు నాడి, మాయ, యోగి, భేదన, దీప్తి, శాంతము లనునవి. బౌద్ధుల హేవజ్రతంత్రము నాభి, హృదయ, కంఠ, శిరస్సులందు నాలుగింటినే తలచి వరుసగా 64, 8, 16, 32 దళములను నిర్దేశించును. మన మెఱిగిన ఆఱు పేరులును పశ్చిమామ్నాయమునకు చెందిన కుబ్జికామతమున కానవచ్చుచున్నవి. పూర్ణానందుని దళసంఖ్యలు 4, 6, 10, 12, 16, 2, కూడిన 50. మాతృకావర్ణములును అన్నియే. కావున ఈ దళములు వర్ణన్యాసమునకై యేర్పడినవే గాని, దేహమును కోసి చూచి లెక్కించినవి కావనుట స్పష్టము. నాడీగ్రంథులతో వీనిని ముడివెట్టజూచు నవీనులు ఈ సంగతి గమనింపరు.

అంతకంటె విచారణీయమైనది సౌందర్యలహరిలోని క్రమము. పూర్ణానందుడు స్వాధిష్ఠానమున జలమును, మణిపూరమున అగ్నిని నిలిపెను. సౌందర్యలహరిలో జలము మణిపూరమందును అగ్ని స్వాధిష్ఠానమందును ఉన్నవి. ఇది లేఖకదోష మని దిద్దబూనువారు ముందరి శ్లోకములనుగూడ చూడవలెను. అందు ఆజ్ఞనుండి క్రిందికి దిగుచు కవి స్వాధిష్ఠానమున సంవర్తాగ్నిని, దాని తరువాత మణిపూరమున నీలమేఘమును వర్ణించుచున్నాడు. మొదటి చోట పాఠమును మార్చినచో ఈ మేఘమునకు చోటు లేదు. పైగా, ఈ దిగుడు క్రమమున అగ్ని తరువాత జలము, దాని క్రింద పృథివి వచ్చుటచే భూతక్రమము చెడలేదు. పేరులు మాత్రమే తావులు మార్చుకొన్నవి. భూతముల వరుస స్థిరమై, చక్రనామములు సంప్రదాయమును బట్టి కదలుచుండెనని నా యభిప్రాయము.

గజపతి ప్రతాపరుద్రుని యాస్థానమున నుండిన లొల్ల లక్ష్మీధరుడును ఈ పాఠమునే గ్రహించి సమయమతానుసారముగా వ్యాఖ్యానించెను. కౌలులకు మూలాధారమున పూజ యనియు, సమయులకు సహస్రారముననే యనియు అతడు చేసిన విభాగమును పూర్ణానందుని వర్ణనముతో కలిపి చదువుట రెండు గ్రంథములకును అన్యాయమే.