నొప్పి ఎంత? సున్నా నుంచి పది దాకా

క్యాన్సర్ ముదిరినవారికి, కిడ్నీ, గుండె జబ్బులు చివరి దశకు చేరినవారికి బాధ తగ్గించే వైద్యమే పాలియేటివ్ కేర్. బీపీకి మిషన్ ఉంది, నొప్పికి లేదు. రోగి చెప్పిన మాటే కొలత.

ఆ మాటను అంకెలోకి మార్చే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది ఎడ్మంటన్ స్కేల్. కెనడాలోని ఎడ్మంటన్‌లో డాక్టర్ ఎడ్వర్డో బ్రుయేరా బృందం 1991లో దీన్ని ప్రచురించింది. నొప్పి, అలసట, మగత, వికారం, ఆకలి లేకపోవడం, ఆయాసం, దిగులు, ఆందోళన, మొత్తం మీద ఎలా ఉందన్నది: ఈ తొమ్మిదింటికీ రోగి అంకె చెప్పాలి. సున్నా అంటే బాధ లేదు, పది అంటే ఇంతకు మించి ఉండదు. మలబద్ధకం లాంటిది ఇంకేదైనా ఉంటే అదీ చేరుస్తారు. సాధారణంగా 1-3 తక్కువ, 4-6 మధ్యస్థం, 7 నుంచి తీవ్రం.

చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు ఊళ్లకు ఈ అంకె మరీ అవసరం. అక్కడి నుంచి ఖమ్మం వంద కిలోమీటర్లకు పైనే. తెలంగాణలో 'ఆలన' బృందాలు వాహనంలో రోగి ఇంటికే వెళ్తాయి, కానీ రోజూ రాలేవు. ఫోన్‌లో "బాగా నొప్పి" అంటే నర్సుకు ఏం అర్థమవుతుంది? "నిన్న 4, ఈరోజు 8" అంటే వెంటనే తెలుస్తుంది.

చదువు రాని పెద్దవాళ్లను "పది రూపాయల్లో ఎన్ని రూపాయల నొప్పి?" అని అడగొచ్చు. మన ఇళ్లలో అమ్మీ, నానీ "ఘబ్రాహట్" అంటే అది ఆందోళన కావచ్చు, ఆయాసమూ కావచ్చు. రెండూ విడిగా అడగాలి, మందులు వేరు కాబట్టి. రోగి మాట్లాడలేకపోతే చూసుకునేవారు చెప్పొచ్చు, అయితే అది ఎవరు చెప్పిన అంకో రాయాలి.

నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ సాధారణంగా నాలుగు గంటలకోసారి వేస్తారు. మందుకు ముందు, గంట తర్వాత అంకె రాసిపెడితే డోసు సరిపోయిందో లేదో డాక్టర్‌కు తెలుస్తుంది. సొంతంగా డోసు మార్చొద్దు.

సబర్ అంటే నొప్పి దాచడం కాదు. నిలబడలేనివారు కూర్చుని, అదీ కాకపోతే పడుకుని నమాజ్ చదవొచ్చని దీన్ సడలింపు ఇచ్చింది. రోగికి రోజా విషయంలోనూ సడలింపు ఉంది. డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పడంలో తప్పేమీ లేదు.