బొబ్బలెక్కిన చేతులతో దేవుణ్ణి ఆశ్రయించినవారు



నేటి వాక్యభాగము 2 కొరింథీయులకు 1వ అధ్యాయము 8 నుండి 10 వచనములు. తనకు కలిగిన శ్రమను పౌలు దాచిపెట్టలేదు. ఆ భారము ఆయన శక్తిని మించిపోయింది, ఇక బ్రతకనని అనుకున్నాడు. ఆ శ్రమలోనే తనను తాను నమ్ముకోవడం మాని, చనిపోయినవారిని లేపే దేవుని మీద ఆనుకోవడం నేర్చుకున్నాడు.

ఏన్కూరు మండలంలో మిర్చో పత్తో వేసి, పంట పోయి అప్పు మిగిలిన ఇంట్లో కూర్చుని ఈ మాట వినేవారికి ఒక ప్రశ్న రావచ్చు. “అయ్యగారూ, దేవుని మీద ఆనుకోవడమంటే మేము ఏమి చేయాలి?” జవాబు కోసం ఒంగోలు దాకా వెళ్ళివద్దాం. అది మన తెలుగు సంఘాల చరిత్ర.

1854 జనవరి 1. తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండమీద ఐదుగురు మోకరించారు. బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగువారైన క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఈ ప్రాంతానికి సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. జవాబు వెంటనే రాలేదు. పన్నెండేళ్ళ తరువాత, 1866లో, జాన్ ఇ. క్లౌ దొరగారు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది.

పదేళ్ళు గడవకముందే మహా కరువు వచ్చింది. 1876లో వానలు తప్పాయి. 1878 వరకు మద్రాసు రాజధాని అల్లాడిపోయింది. ఆకలితోను కలరాతోను లక్షలాది మంది చనిపోయారు. విశ్వాసుల ఇండ్లకు మినహాయింపు లేదు. ప్రియులారా, ఈ మాట మరచిపోకూడదు. ప్రార్థించినవారందరూ బ్రతకలేదు.

అప్పుడు కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. క్లౌ దొరగారు యవ్వనంలో అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవారు. ఆయన మూడున్నర మైళ్ళ కాలువ పనిని కాంట్రాక్టు తీసుకొని, బీదలైన మాదిగ సోదరులకు, మరి ఎందరికో పని చూపించారు. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి తవ్వేవారు, విశ్రాంతి వేళ వాక్యం వినేవారు. పార పట్టడం అవిశ్వాసం అని ఎవరూ అనుకోలేదు. ఆ పార కూడా దేవుడు చూపిన సహాయమే.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. అన్నం కోసం మతంలోకి వచ్చారనే నింద రాకూడదని, కరువు సహాయం జరుగుతున్న దాదాపు 15 నెలలు దొరగారు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. 1878 జూన్‌లో, సహాయ ధనం అయిపోయింది, సహాయం ఆశించేవారు రావద్దని కబురు పంపారు. అయినా వెల్లంపల్లికి జనం తరలివచ్చారు. కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించారు. మాకు డబ్బు వద్దు, చనిపోతే క్రైస్తవులుగానే చనిపోనివ్వండి అన్నది వారి మనవి. విచారణ చేసి, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, ఆరుగురు బోధకుల చేత, ఇద్దరిద్దరు వంతులవారీగా, ఆ ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చారు.

సంఖ్య గొప్పదే. కానీ నన్ను గద్దించేది ఆ చేతులు. ఇచ్చేది ఏమీ లేదని తెలిసిన తరువాత వచ్చినవారు వారు. మనమైతే అప్పు తీరితేనే, జబ్బు నయమైతేనే దేవుడు ఉన్నాడంటాం. వారు ఖాళీ చేతులతో వచ్చి దేవుణ్ణే కోరుకున్నారు.

ప్రియ సహోదరుడా, సహోదరీ, నీ భారము నీ శక్తిని మించిందా? ఒంటరిగా మోయవద్దు. దేవునితో చెప్పు. సంఘంలో నమ్మకమైన ఒకరితో చెప్పు. దొరికిన పని, అందిన చేయి, దూరం పెట్టకు. సంఘమా, నీ పొరుగువానికి సహాయం చేసేటప్పుడు అతని విశ్వాసాన్ని వెల అడగకు.

ప్రార్థన చేసుకుందాం. కనికరముగల తండ్రీ, వాన రాని దినమున కూడా నిన్ను విడువని మనస్సు మాకు దయచేయుము. ఈ రాత్రి నిద్రపట్టని ప్రతి ఇంటికి తోడుగా ఉండుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.